తాళం పడిన ఇనుము: పేగుపూత వ్యాధిలో రక్తహీనత కథ

నన్ను తరచుగా అడిగే ప్రశ్నల్లో ఇది ఒకటి. "డాక్టరు గారూ, ఆరు నెలలుగా ఐరన్ మాత్రలు మింగుతున్నాను. హిమోగ్లోబిన్ ఎనిమిది దాటడం లేదు. ఎందువల్ల?" అడిగినవారు దీర్ఘకాలిక పేగుపూతతో బాధపడుతున్నవారైతే దీనికి ఒక్క వాక్యంలో సమాధానం చెప్పలేను. ఆ సమాధానం వైద్యశాస్త్రానికి దొరకడానికే అరవై సంవత్సరాలు పట్టింది. ఆ కథ చెప్పే ముందు నా వల్ల జరిగిన తప్పు ఒకటి చెప్పుకోవాలి.

పేగుపూత అని మనం వాడుకగా పిలుచుకునే ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్‌లో ప్రధానంగా రెండు రకాలున్నాయి. పెద్దపేగు లోపలి పొర పుండ్లుపడి నెత్తురు స్రవించేది అల్సరేటివ్ కొలైటిస్. నోటి నుంచి మలద్వారం వరకు ఎక్కడైనా, ముఖ్యంగా చిన్నపేగు చివరి భాగంలో, పేగు గోడ మందమంతా వాచేది క్రోన్స్ వ్యాధి. రెండూ ఏళ్ల తరబడి సాగేవే. కొంతకాలం అణగి, మళ్లీ విజృంభించేవే.

1981లో నేను ఒక తాలూకా కేంద్రంలోని ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తున్నాను. చేనేత కుటుంబానికి చెందిన ఇరవై ఆరేళ్ల ఇల్లాలు అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. రెండేళ్లుగా జిగట విరేచనాలు, అప్పుడప్పుడు నెత్తురు. ముఖం సున్నం కొట్టినట్లు పాలిపోయి ఉంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆ రోజుల్లో మా ప్రాంతంలో పాలిపోయిన ముఖం కనబడితే కొంకిపురుగును, విరేచనంలో నెత్తురు కనబడితే అమీబాను అనుమానించేవాళ్లం. పదిమందిలో తొమ్మిదిమంది విషయంలో మా అనుమానం నిజమయ్యేది కాబట్టి పదో మనిషి గురించి ఆలోచించే అలవాటు ఉండేది కాదు. ఆమెకు అంతకుముందే రెండు చోట్ల రెండింటికీ మందులు వాడారు.

మా ల్యాబులో సాహ్లి పరికరం ఉండేది. వేలి నుంచి తీసిన నెత్తుటి చుక్కను పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కలిపి, అది గోధుమరంగుకు తిరిగాక, పక్కనున్న గాజుకడ్డీ రంగుతో సరిపోలేదాకా చుక్కచుక్కగా నీళ్లు పోస్తూ కొలవాలి. స్విట్జర్లాండ్ వైద్యుడు హెర్మన్ సాహ్లి 1902లో రూపొందించిన పద్ధతి. ఎనభై ఏళ్ల తరువాత కూడా మాకు అదే ఆధారం. కిటికీ దగ్గర వెలుతురు బాగుంటే ఒక లెక్క, మబ్బు పడితే మరో లెక్క. ఆమెకు 6 గ్రాములు తేలింది. ఫెర్రస్ సల్ఫేట్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు రాసిచ్చి పంపాను.

మూడు నెలల తరువాత వచ్చినప్పుడు ఆరున్నర. నాకు కోపం వచ్చింది. "మాత్రలు మింగుతున్నావా, దొడ్లో పారేస్తున్నావా?" అన్నాను. "మింగుతూనే ఉన్నానండీ. దొడ్డికి నల్లగా కూడా అవుతోంది" అన్నదామె. "నా ఎదటే మింగుతోంది బాబూ" అని అత్తగారు సాక్ష్యం చెప్పింది. అయినా కేసు కాగితం మీద "మందులు సక్రమంగా వాడుట లేదు" అని రాశాను. ఇనుము మాత్రలు మింగినవారికి మలం నల్లబడుతుందని నాకు తెలుసు. అంటే ఆమె మాత్ర మింగుతోందన్నదానికి, మింగిన ఇనుము ఒంటికి పట్టకుండా పోతోందన్నదానికి కూడా ఆ నల్లరంగే రుజువు. రుజువు నా ముందు పెట్టినా నేను చదువుకోలేదు.

తరువాత ఆమెను బోధనాసుపత్రికి పంపాను. అక్కడ సిగ్మాయిడోస్కోపుతో చూసి అల్సరేటివ్ కొలైటిస్ అని నిర్ధారించారు. రెండు సీసాల రక్తం ఎక్కించి, సాలజోపైరిన్ మాత్రలు, కొంతకాలం స్టెరాయిడ్లు ఇచ్చారు. పేగు అణిగింది. నేను ఇచ్చిన ఆ ఐరన్ మాత్రలే మళ్లీ వాడితే, ఈసారి నెలకొక గ్రాము చొప్పున హిమోగ్లోబిన్ పెరిగింది. మనిషి మారలేదు, మాత్ర మారలేదు. మరి తేడా ఎక్కడ వచ్చింది? అప్పట్లో దానికి నా దగ్గర సమాధానం లేదు. నిజానికి ఎవరి దగ్గరా పూర్తి సమాధానం లేదు.

పాలిపోయినవారికి ఇనుము ఇవ్వడం పాత వైద్యమే. చరక సంహితలోని పాండురోగ చికిత్సాధ్యాయంలో నవాయస చూర్ణం, మండూర ప్రయోగాలు ఉన్నాయి. మండూరమంటే మన పల్లెల్లో కొలిమి దగ్గర దొరికే ఇనుప చిట్టెమే. ఇంగ్లండులో పదిహేడో శతాబ్దపు వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ పాలిపోయిన యువతులకు ఇనుము ఇచ్చేవాడు. 1832లో ఫ్రాన్సులో పియర్ బ్లో అనే వైద్యుడు ఫెర్రస్ సల్ఫేట్‌ను పొటాషియం కార్బొనేట్‌తో కలిపి మాత్రలు కట్టాడు. బ్లో మాత్రలు శతాబ్దం పాటు ప్రపంచమంతా తిరిగాయి. నేను 1981లో రాసిచ్చిన మాత్ర వాటి వంశంలోనిదే. అవి గొప్పగా పనిచేసింది, పేగు ఆరోగ్యంగా ఉండి తిండిలో ఇనుము చాలని వారిలో, ఋతుస్రావం ఎక్కువైన వారిలో. ఆ విజయమే వైద్యుల మనసులో ఒక సమీకరణాన్ని పాతుకుపోయేలా చేసింది: పాలిపోతే ఇనుము, పెరగకపోతే మరింత ఇనుము.

పేగుపూతను వేరే వ్యాధిగా గుర్తించడం చాలా ఆలస్యంగా జరిగింది. అది కూడా ఒక హత్యకేసులో మొదలైంది. 1859లో లండన్ సమీపంలోని రిచ్మండ్‌లో ఇసబెల్లా బ్యాంక్స్ అనే స్త్రీ వాంతులు, విరేచనాలతో మరణించింది. అప్పటికే భార్య ఉండి ఆమెను పెళ్లాడిన థామస్ స్మెథర్స్ట్ అనే వైద్యుడు విషం పెట్టాడని అభియోగం. గైస్ ఆసుపత్రికి చెందిన శామ్యూల్ విల్క్స్ ఆమె పేగులను పరిశీలించి, అవి పుండ్లుపడి వాచిపోయి ఉన్నాయని రాశాడు. న్యాయస్థానం ఉరిశిక్ష వేసింది. ఆర్సెనిక్ పరీక్షకు వాడిన పదార్థంలోనే ఆర్సెనిక్ ఉందని తేలడంతో శిక్ష రద్దయింది. విల్క్స్ వర్ణన అల్సరేటివ్ కొలైటిస్‌కు తొలి వర్ణనల్లో ఒకటిగా నిలిచింది. ఆమెది బహుశా క్రోన్స్ వ్యాధి కావచ్చునని ఆ వర్ణన చదివిన తరువాతి తరాలవారు కొందరు అన్నారు.

1913లో గ్లాస్గో శస్త్రవైద్యుడు కెన్నెడీ డాల్జియెల్ పేగు గోడలు దళసరెక్కే వ్యాధిని వర్ణించాడు. 1932లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రి నుంచి క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అనే ముగ్గురు 14 మంది రోగుల వివరాలతో వ్యాసం ప్రచురించారు. ఆంగ్ల వర్ణక్రమంలో ముందుండటం వల్ల క్రోన్ పేరు వ్యాధికి స్థిరపడింది.

సరిగ్గా ఈ కాలంలోనే శరీరంలో ఇనుము లెక్కలు కూడా తేలుతూ వచ్చాయి. ఈ లెక్క కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే పేగుపూత రోగికి మాత్రలు ఎందుకు చాలవో సగం ఇక్కడే తెలుస్తుంది. మన శరీరంలో మొత్తం ఇనుము 3 నుంచి 4 గ్రాములు. అందులో ఎక్కువ భాగం హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. ఎముక మూలుగ రోజూ కొత్త ఎర్రకణాలు చేయడానికి 20 నుంచి 25 మిల్లీగ్రాముల ఇనుము కోరుతుంది. ఆహారం నుంచి మనం గ్రహించేది మాత్రం 1 నుంచి 2 మిల్లీగ్రాములే. మిగిలినదంతా ముసలి ఎర్రకణాలను ప్లీహంలో, కాలేయంలో మాక్రోఫేజ్ అనే కణాలు మింగి, వాటిలోని ఇనుమును తిరిగి రక్తంలోకి విడిచిపెట్టడం వల్ల వస్తుంది. పాత ఇల్లు విప్పి ఆ దూలాలతోనే కొత్త ఇల్లు కట్టుకున్నట్లు. ఇంగ్లండులో మెకాన్స్, ఎల్సీ విడోసన్ 1937లో మరొక సంగతి తేల్చారు. ఒంట్లోకి చేరిన ఇనుమును బయటకు పంపే మార్గం శరీరానికి లేదు. ఎంత కావాలో అంత మాత్రమే పేగు దగ్గర లోనికి రానిస్తుంది. అంటే కాపలా అంతా గుమ్మం దగ్గరే.

ఇప్పుడు పేగులో పుండున్న మనిషిని తీసుకుందాం. ఒక మిల్లీలీటరు మంచి రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. రోజుకు రెండు చెంచాల నెత్తురు, అంటే 10 మిల్లీలీటర్లు పోతే 5 మిల్లీగ్రాముల ఇనుము పోయినట్లే. రాబడి రెండు, ఖర్చు అయిదు. నెల తిరిగేసరికి నిల్వ కరగడం మొదలవుతుంది. రెండు చెంచాల నెత్తురు విరేచనంలో కలిసిపోతే చాలామందికి కంటికి కూడా కనబడదు. ఇలాంటివారికి ఖర్జూరం, బెల్లం, తోటకూర, బీట్‌రూట్ రసం సూచించే బంధువులు ప్రతి ఇంటా ఉంటారు. వాటిని తినవద్దని నేను అనను. పేగు తట్టుకుంటే తినవచ్చు. కానీ నెలల తరబడి పోయిన లోటును వంటింటి నుంచి పూడ్చలేం.

ఇంత తెలిసినా పేగు వైద్యులు రక్తహీనతను ప్రత్యేకంగా పట్టించుకోలేదు. 1955లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ట్రూలవ్, విట్స్ అనే ఇద్దరు వైద్యులు అల్సరేటివ్ కొలైటిస్‌లో కార్టిజోన్ ఎంత మేలు చేస్తుందో 210 మంది రోగులపై పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. మంచి ప్రయోగం, ఎందరి ప్రాణాలనో కాపాడింది. వ్యాధి తీవ్రతను కొలవడానికి వారు పెట్టిన గుర్తులు నేటికీ ప్రతి వైద్య విద్యార్థీ వల్లె వేస్తాడు: రోజుకు ఆరు లేదా అంతకు మించి నెత్తుటి విరేచనాలు, జ్వరం, నాడివేగం, ఈ.ఎస్.ఆర్., వాటితోపాటు హిమోగ్లోబిన్ సాధారణ స్థాయిలో మూడు వంతులకు పడిపోవడం. నాకు ఆశ్చర్యం కలిగించేది లెస్లీ విట్స్ సంగతి. ఆయన స్వయంగా రక్తహీనత నిపుణుడు. కడుపులో ఆమ్లం లేనివారిలో వచ్చే ఇనుము లోపపు రక్తహీనతను 1930లోనే వర్ణించినవాడు. అటువంటివాడి చేతిలో కూడా పేగుపూతలో హిమోగ్లోబిన్ ఒక కొలబద్దగానే మిగిలిపోయింది. పేగు నయమైతే రక్తం దానంతటదే వస్తుందన్నది ఆనాటి భావన. మా తరం కూడా ఆ పాఠమే చదువుకుంది. రోగి మాత్రం నీరసంతో మంచం దిగలేక, పనికి వెళ్లలేక బాధపడుతూనే ఉండేవాడు. విరేచనాలు తగ్గాయా అని అడిగేవాళ్లం; బావి నుంచి బిందెడు నీళ్లు తోడగలుగుతున్నావా అని అడిగేవాళ్లం కాదు.

సమాధానంలో రెండో సగం అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో మొదలయింది. 1940లలో కార్ట్‌రైట్, వింట్రోబ్ అనే రక్తవ్యాధి నిపుణులు దీర్ఘకాలపు అంటురోగాల్లో, వాపుల్లో వచ్చే రక్తహీనతను పరిశోధించారు. ఆ రోగుల రక్తంలో ఇనుము తక్కువగా ఉంటుంది. కానీ వారి మూలుగను, కాలేయాన్ని చూస్తే నిల్వ ఉన్న ఇనుము కనిపిస్తుంది. నరం ద్వారా ఇనుము ఎక్కించినా అది రక్తంలోంచి త్వరగా మాయమై నిల్వల్లోకి చేరుతుంది తప్ప హిమోగ్లోబిన్‌గా మారదు. గాదెలో ధాన్యం ఉంది, పొయ్యి మీద ఎసరు మరుగుతోంది, గాదెకు మాత్రం తాళం. ఆ తాళం ఎవరు వేశారన్నది వారికి తెలియలేదు. దీనికి కార్ట్‌రైట్ 1966లో "దీర్ఘకాలిక రుగ్మతల రక్తహీనత" అన్న పేరు పెట్టాడు. వ్యాధికి పేరు పెట్టగానే దాన్ని అర్థం చేసుకున్నామన్న భ్రమ మా వృత్తిలో ఒక జాడ్యం. ఆ పేరు చాటున మరో ముప్ఫై ఏళ్లు గడిచాయి.

పేగుపూత రోగిలో ఈ రెండూ ఒకేసారి ఉంటాయి. నెత్తురు పోవడం వల్ల ఇనుము నిజంగానే తక్కువ. వాపు వల్ల ఉన్న కాస్త ఇనుము కూడా తాళంలో ఉంది. ఏది ఎంత పాళ్లో ఆ రోజుల్లో తేల్చడానికి మా దగ్గర సాధనం లేదు. రక్తంలో ఫెర్రిటిన్ కొలిచే పద్ధతిని కార్డిఫ్ పరిశోధకులు 1972లో కనుగొన్నా, మా జిల్లాలకు అది చేరడానికి పాతికేళ్లు పట్టింది.

నోటి ద్వారా ఫలితం లేనప్పుడు సూది ద్వారా ఇవ్వవచ్చుగదా అని మీకు తోచవచ్చు. ఆ ఆలోచన కూడా పాతదే. 1932లో బోస్టన్‌లో హీత్, స్ట్రౌస్, క్యాసిల్ అనేవారు ఇనుము లోపమున్న రోగులకు సూది ద్వారా ఇచ్చిన ఇనుము దాదాపు అంతా హిమోగ్లోబిన్‌గా మారుతుందని లెక్కగట్టి చూపారు. అయితే అప్పటి ఇనుప లవణాలు విషప్రాయం. చాలినంత ఇస్తే రోగి తట్టుకోలేడు. 1947లో నిస్సిమ్ అనే వైద్యుడు చక్కెరతో జతచేసిన ఇనుమును నరం ద్వారా ఇచ్చి దారి చూపాడు. 1954లో బ్రిటన్‌లో ఐరన్ డెక్స్‌ట్రాన్ వచ్చింది. ఇంఫెరాన్ అన్న పేరుతో మా తరం వైద్యులందరికీ అది పరిచయమే.

ఇంఫెరాన్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. ముదురు గోధుమరంగు మందు. పిరుదు కండరంలోకి లోతుగా ఇవ్వాలి. ఇచ్చే ముందు చర్మాన్ని ఒక పక్కకు లాగిపట్టి, సూది తీశాక వదలాలి; అప్పుడు మందు వెనక్కి కారదు. ఆ ఒడుపు తెలియని చేతిలో పడితే చర్మం కింద నల్లటి మచ్చ ఏళ్ల తరబడి మిగిలిపోయేది. మొదట చిన్న మోతాదు ఇచ్చి, పక్కన అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుని, రోగి ముఖం కేసి చూస్తూ కూర్చునేవాళ్లం. కొద్దిమందిలో ఒక్కసారిగా రక్తపీడనం పడిపోయి ప్రాణం మీదికి వచ్చేది. 1959లో ఎలుకల్లో సూది వేసినచోట కంతులు వచ్చాయన్న వార్త మరో భయాన్ని జోడించింది. 1980లో అమెరికాలో 481 మందికి నరం ద్వారా ఇచ్చి చూస్తే ముగ్గురికి ప్రాణాపాయకరమైన ప్రతిచర్య వచ్చింది. తక్కువే అనిపిస్తుంది. కానీ రాత్రివేళ ఒక నర్సు, ఒక వైద్యుడు ఉన్న ఆసుపత్రిలో ఆ ఒక్క రోగి తన చేతిలో పడతాడేమోనన్న భయం ఏ వైద్యుడికైనా ఉంటుంది. అందుకే 1981లో ఆ ఇల్లాలికి ఇంఫెరాన్ ఇవ్వవచ్చునని తెలిసి కూడా నేను మాత్రల దగ్గరే ఆగిపోయాను. భయపడ్డానని ఒప్పుకోకుండా ఆమె మాత్రలు మింగడం లేదని రాసుకున్నాను.

ఇనుము ఒక్కటే కాదు, పేగుపూతలో రక్తానికి కావలసిన మరో రెండు సరుకులు కూడా కొరతపడతాయి. విటమిన్ బి12ను గ్రహించేది చిన్నపేగు చివరి భాగమే. క్రోన్స్ వ్యాధి కాపురముండేది ఎక్కువగా అక్కడే. ఆ భాగాన్ని శస్త్రచికిత్సలో తీసివేస్తే జీవితాంతం బి12 సూదులు అవసరం కావచ్చు. రెండోది ఫోలిక్ ఆమ్లం. స్వీడన్ వైద్యురాలు నన్నా స్వార్ట్స్ 1940ల ఆరంభంలో కీళ్లవాపు కోసం తయారుచేయించిన సాలజోపైరిన్ పేగుపూతకు తొలి మంచి మందు అయింది. కానీ ఆ మందు పేగులో ఫోలిక్ ఆమ్లం గ్రహణాన్ని అడ్డుకుంటుంది. పేగును నయం చేసే మందే రక్తానికి కావలసిన సరుకును ఆపుతుందన్నమాట. అందుకే సాలజోపైరిన్‌తోపాటు ఫోలిక్ ఆమ్లం మాత్ర రాస్తారు.

ఆ మాత్ర చూసినప్పుడల్లా నాకు భీమవరం గుర్తుకొస్తుంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు తన సోదరులిద్దరిని స్ప్రూ అనే పేగువ్యాధికి కోల్పోయాడు. ఆహారం వంటబట్టక, రక్తం క్షీణించి మనిషిని కృశింపజేసే వ్యాధి అది. తానూ దాని బారిన పడి, మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడని ఆయన జీవిత కథల్లో చదువుతాం. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశోధించిన లూసీ విల్స్, ఈస్ట్ సారంలో దాన్ని నయం చేసే పదార్థమేదో ఉందని 1931లో చూపింది. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో సుబ్బారావు నాయకత్వంలోని బృందం 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందయింది. క్రోన్స్ వ్యాధిలో నేడు వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాల నుంచి, ఫోలిక్ ఆమ్లానికి విరోధులను వెతికే పనిలోనే పుట్టింది. ఆ మందు వాడేవారికి మళ్లీ ఫోలిక్ ఆమ్లమే రక్షణగా ఇస్తాం. సుబ్బారావు 1948లో, యాభై మూడేళ్ల వయసులో, నిద్రలోనే కన్నుమూశాడు.

1990లలో పేగుపూత రోగి రక్తహీనతను దానికదే ఒక సమస్యగా చూడటం మొదలైంది. జర్మనీలో ష్రైబర్ బృందం 1996లో, ఇనుము ఇచ్చినా మెరుగుపడని 34 మందిలో మూత్రపిండాలు తయారుచేసే ఎరిత్రోపోయిటిన్ హార్మోనును పరీక్షించి, దాన్ని పొందినవారిలో హిమోగ్లోబిన్ పెంచగలిగింది. ఆ మరుసటి ఏడాది వియన్నాలో గాషే బృందం క్రోన్స్ రోగులకు నరం ద్వారా ఐరన్ సుక్రోజ్ ఇచ్చింది. కొందరికి హార్మోనుతో కలిపి, కొందరికి ఇనుము మాత్రమే. హార్మోను కలిపినవారిలో ఫలితం మెరుగ్గానే ఉంది. కానీ ఇనుము మాత్రమే పొందినవారిలో కూడా ఎక్కువమందికి రక్తం పెరిగింది. ఏళ్ల తరబడి మాత్రలు మింగి విసిగినవారు కొన్ని వారాల్లో కోలుకున్నారు. గుమ్మం దగ్గర కాపలా ఉంటే పెరటి దారిన వెళ్లవచ్చునని తేలింది. హార్మోను ఖరీదైనది, రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదమూ ఉంది. నేడు దాని అవసరం అరుదు.

ఇక తాళం వేసిందెవరు? 2000, 2001 సంవత్సరాల్లో జర్మనీలో ఒక బృందం, లాస్ ఏంజిలస్‌లో తోమస్ గాంజ్ బృందం విడివిడిగా ఒక చిన్న ప్రోటీన్‌ను పట్టుకున్నాయి. కాలేయంలో పుట్టి, క్రిములను చంపే లక్షణమున్న 25 అమైనో ఆమ్లాల గొలుసు అది. దానికి గాంజ్ బృందం హెప్సిడిన్ అని పేరు పెట్టింది. వారు వెతికింది క్రిమిసంహారకాల కోసం. ఇనుము వారి ఆలోచనలోనే లేదు. అదే సమయంలో ఫ్రాన్సులో హెప్సిడిన్ తయారుకాని ఎలుకల ఒంట్లో ఇనుము పేరుకుపోవడం చూశారు. 2002లో కాలేయంలో కంతులున్న కొందరు రోగులలో, ఏ ఇనుముకూ లొంగని రక్తహీనతకు ఆ కంతులు విడిచే హెప్సిడినే కారణమని తేలింది. 2004లో దాని పనితీరు బయటపడింది. పేగు కణాల నుంచి, మాక్రోఫేజ్‌ల నుంచి ఇనుము రక్తంలోకి రావాలంటే ఫెర్రోపోర్టిన్ అనే ఒకే ఒక ద్వారం ఉంది. హెప్సిడిన్ వచ్చి దానికి అతుక్కుంటే కణం ఆ ద్వారాన్నే లోపలికి లాక్కుని కరిగించేస్తుంది. ఒంట్లో వాపు ఉన్నప్పుడు విడుదలయ్యే ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేతం కాలేయం చేత హెప్సిడిన్ తయారుచేయిస్తుంది. క్రిములు బతకడానికి కూడా ఇనుము కావాలి కాబట్టి, వాటికి అందకుండా ఇనుమును దాచేయడం శరీరపు పాత రక్షణోపాయం. నాలుగు రోజుల జ్వరంలో అది మేలు చేస్తుంది. నాలుగేళ్లు సాగే పేగుపూతలో మనిషినే ఎండగడుతుంది.

2005లో ఒక వైద్య సదస్సులో తెర మీద ఆ బొమ్మ చూశాను. కాలేయం నుంచి పేగు దాకా ఒక బాణం, పేగు గోడలో మూసుకున్న తలుపు, తలుపుకు ఇవతల పేగులోనే మిగిలిపోయి మలంతో బయటకు పోయే ఇనుము. నా పక్కన కూర్చున్న మిత్రుడు ఏమిటి అలా అయిపోయావని అడిగాడు. "దొడ్డికి నల్లగా కూడా అవుతోంది" అన్న మాట అప్పటికి ఇరవై నాలుగేళ్ల కిందటిది.

ఇప్పుడు సంగతి ఎలా ఉందో చెబుతాను. హిమోగ్లోబిన్ పురుషులలో 13, స్త్రీలలో 12, గర్భిణులలో 11 గ్రాముల కన్న తగ్గితే రక్తహీనత. పేగుపూత ఉన్నవారికి దానితోపాటు ఫెర్రిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, సి.ఆర్.పి. పరీక్షలు కూడా చేయాలి. వాపు లేనప్పుడు ఫెర్రిటిన్ 30 కన్న తక్కువుంటే ఇనుము లోపమని అర్థం. వాపు ఉన్నప్పుడు ఫెర్రిటిన్ దానంతటదే పెరుగుతుంది కాబట్టి 100 వరకు ఉన్నా లోపం ఉండవచ్చు. రిపోర్టులో "నార్మల్" అని అచ్చయి ఉందని సంతృప్తిపడి ఇంటికి వెళ్లినవారిని నేను ఎందరినో చూశాను.

వ్యాధి అణగి ఉండి, హిమోగ్లోబిన్ 10కి పైన ఉంటే మాత్రలు చాలు. రోజుకు 100 మిల్లీగ్రాముల ఇనుముకు మించి అక్కరలేదు. ఎక్కువ మింగితే ఎక్కువ పట్టదు. పట్టనిది పేగులోనే ఉండి కడుపునొప్పి, మలబద్ధకం లేదా విరేచనాలు తెస్తుంది. పేగుపూత లేని, ఇనుము తక్కువైన యువతులపై జ్యూరిక్ పరిశోధకులు 2015, 2017 సంవత్సరాల్లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఒక మోతాదు మింగగానే హెప్సిడిన్ ఒక రోజు పాటు పెరిగి తరువాతి మోతాదును అడ్డుకుంటుంది. రోజు విడిచి రోజు ఒక మాత్ర మింగితే ఒక్కొక్క మాత్ర నుంచి పట్టేది ఎక్కువ. మాత్ర పడనివారు మీ వైద్యునితో ఈ సంగతి మాట్లాడవచ్చు. మాత్రతో కాఫీ, టీ తాగవద్దు.

వ్యాధి విజృంభించి ఉన్నా, హిమోగ్లోబిన్ 10 లోపు ఉన్నా, మాత్రలు పడకపోయినా నరం ద్వారానే ఇవ్వాలని ఐరోపా నిపుణుల సంఘం 2015లో స్పష్టంగా చెప్పింది. ఎంత కావాలో 1970లో గాంజోని అనే స్విస్ వైద్యుడు ఇచ్చిన లెక్క ఉంది: బరువును, పెరగవలసిన హిమోగ్లోబిన్‌ను, 2.4ను హెచ్చవేసి, నిల్వ కోసం 500 కలపాలి. యాభై కిలోల మనిషికి 7 నుంచి 15కు తేవాలంటే 1,460 మిల్లీగ్రాములు. ఐరన్ సుక్రోజ్‌తో ఇది 200 మిల్లీగ్రాముల చొప్పున ఏడెనిమిది సార్లు ఆసుపత్రికి రావడం. ఐరోపాలో 2007లో వచ్చిన ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్‌ను ఒకేసారి 1,000 మిల్లీగ్రాముల దాకా పావుగంటలో ఎక్కించవచ్చు. ఇప్పుడు మన దగ్గరా దొరుకుతోంది. ఇంఫెరాన్ నాటి ప్రతిచర్యలు వీటిలో చాలా అరుదు. అయినా అత్యవసర చికిత్సకు ఏర్పాటున్న చోటనే వేయించుకోవాలి. ఇంటికి కాంపౌండరును పిలిపించుకుని వేయించుకునే మందు కాదిది. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు, గర్భం మొదటి మూడు నెలల్లో వాడరు. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ కొందరిలో రక్తంలోని ఫాస్ఫేటును తగ్గిస్తుంది. పలుమార్లు వేయించుకున్నవారికి ఒళ్లునొప్పులు, ఎముకల నొప్పి వస్తే ఆ పరీక్ష చేయించాలి.

రక్తం ఎక్కించడం హిమోగ్లోబిన్ 7 లోపుకు పడిపోయి ఆయాసం, గుండెదడ ఉన్నప్పటి మాట. ఒక సంచి రక్తంలో ఉండే ఇనుము సుమారు 200 మిల్లీగ్రాములే కాబట్టి ఎక్కించిన తరువాత కూడా ఇనుము ఇవ్వక తప్పదు. వీటన్నిటికీ పక్కన పేగువాపును అణచే వైద్యం సాగుతూనే ఉండాలి. వాపు తగ్గితే హెప్సిడిన్ తగ్గుతుంది, తలుపు తెరుచుకుంటుంది. ఆ చేనేత ఇల్లాలికి రెండోసారి అవే మాత్రలు పట్టింది అందుకే.

రక్తం పెరిగాక కూడా పరీక్షలు మానకూడదు. పేగుపూతలో ఇనుము లోపం తిరిగి రావడం మామూలు. వ్యాధి చురుగ్గా ఉన్నవారు కనీసం మూడు నెలలకొకసారి, అణగి ఉన్నవారు ఆరు నెలల నుంచి ఏడాదికొకసారి చూపించుకోవాలి. అజాథయోప్రిన్, మెథోట్రెక్సేట్ వాడేవారిలో మందు వల్ల మూలుగ పని మందగించే అవకాశం కూడా ఉంది కనుక తెల్లకణాలు, ప్లేట్‌లెట్ల లెక్క కూడా చూడాలి. విరేచనాలు మామూలుగానే ఉండి ఫెర్రిటిన్ మాత్రం పడిపోతూ వస్తుంటే, పేగు లోపల కంటికి కనబడని నెత్తురు మళ్లీ మొదలైందేమో వెతకాలి. అందుకు మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష పనికివస్తుంది. మా ఊళ్లో ల్యాబువారు నమూనా తీసుకుని హైదరాబాదుకు పంపి, మూడు నాలుగు రోజుల్లో ఫలితం తెప్పిస్తున్నారు.